టాలివర్ నడుము

"ఇనప మూకుడుకి సబ్బు పెట్టావా?"

వర్లీన్ గొంతు పెద్దదేమీ కాదు. ముప్ఫయి ఏళ్ళు బడి వంటశాలలో రోజుకి నాలుగొందల మంది పిల్లలకి వడ్డించింది. ఏనాడూ అరవలేదు. కోపం వస్తే గొంతు తగ్గించేది, అంతే. ఇప్పుడూ తగ్గించింది.

సింకు ముందు నిలబడ్డ రేఫర్డ్ చేతిలో పీచు అలాగే ఆగిపోయింది.

"జిడ్డుగా ఉంటే తోమాను."

"అది జిడ్డు కాదు. మీ అమ్మమ్మ నాటి నుంచి పేరుకున్న నలుపు. ఎనభై ఏళ్ళు పట్టింది అది రావడానికి. నీకు పావుగంట పట్టింది పోవడానికి."

"గిన్నె అన్నాక తోముకోరా?"

"నలభై రెండేళ్ళలో ఈ ఇంట్లో చెంచా కడిగిన పాపాన పోలేదు నువ్వు. కడక్క కడక్క దీన్నే కడగాలా?"

"సాయం చేద్దామని వర్లీన్."

"సాయమే చెయ్యాలనుంటే పోయి కూర్చో. కదలకుండా కూర్చోవడమే నువ్వు నాకు చేసే సాయం."

"బుధవారం నుంచి అదేగా చేస్తున్నాను!" అన్నాడు రేఫర్డ్, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

ఇంట్లో బుధవారం అన్న మాట మూడు రోజులుగా వేడి గిన్నెలా ఉంది. ఎవరు ముట్టుకున్నా వెంటనే చెయ్యి తీసేస్తున్నారు.

బుధవారంనాడే కదా ఆ కుర్ర డాక్టరు కంప్యూటరు వైపు చూస్తూ ప్రోస్టేట్‌లో క్యాన్సరు ఉందని చెప్పాడు. పన్నెండు ముక్కలు తీసి పరీక్షకి పంపితే మూడింటిలో ఉంది. నెమ్మదిగా పెరిగే రకంలాగే కనిపిస్తోంది, కోతకి తొందర లేదు, ఆరు నెలలకోసారి పరీక్షలు చేస్తూ చూస్తూ ఉందాం అన్నాడు. కుర్చీలోంచి లేచేటప్పుడు రేఫర్డ్ ఆ డాక్టరు చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. లాటరీ తగిలినవాడిలా కారు దాకా నడిచాడు. అమ్మకీ కొడుకు లామర్‌కీ ఈ సంగతి తెలియకూడదని కారులోనే భార్య చేత మాట తీసుకున్నాడు.

నోరు మాత్రమే సంతోషంగా ఉంది. చేతులు ఊరుకోవడం లేదు. గురువారం ఇంట్లో ఉన్న బూట్లన్నీ పాలిష్ చేశాడు. శుక్రవారం బాగానే వెలుగుతున్న బల్బులు మార్చాడు. ఇవాళ మూకుడు.

"మంచి మాట చెప్పాడు డాక్టరు," అన్నాడు మెల్లగా. "చూస్తామన్నాడు. కోస్తామనలేదు. దానికైనా కాస్త నవ్వరాదా నువ్వు?"

"నవ్వుతాను. ముందు ఆ పీచు అక్కడ పెట్టు."

వెనక గదిలోంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. రెండు టకటకలు, ఒక నిట్టూర్పు. రేఫర్డ్ తల్లి ఆర్డీలియాకి ఎనభై ఎనిమిదేళ్ళు. చెవి మందగించిందని అందరూ అనుకుంటారు. తనకి అక్కర్లేని మాటలకే మందగిస్తుందని వర్లీన్‌కి తెలుసు.

"పొద్దున్నే ఏమిటీ రభస? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదమ్మా. మూకుడు కడిగాను."

ఆర్డీలియా గుమ్మం దగ్గరే ఆగింది. "సబ్బుతోనా?"

"నువ్వు కూడా మొదలెట్టకు."

ముసలామె కొడుకు మొహంలోకి చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది.

"మీ నాన్న కూడా ఒక్కసారే కడిగాడు దాన్ని. నడుము చూపించుకుని వచ్చిన మర్నాడు."

రేఫర్డ్ గట్టిగా నవ్వాడు. చర్చి పాటల బృందంలో కిందిస్థాయి గొంతు అతనిది, నవ్వితే అద్దాలు కదులుతాయి. "చూశావా వర్లీన్! టాలివర్ మగాళ్ళకి నడుమూ వంశంలోనే ఉంది, మూకుడు కడిగే రోగమూ వంశంలోనే ఉంది!" అంటూ గ్యారేజీ వైపు తప్పించుకున్నాడు.

వర్లీన్ నవ్వలేదు. తడి మూకుడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

టాలివర్ నడుము ఆ ఇంట్లో పాత జోకు. ఆ ఇంటి మగవాళ్ళకి వెడల్పు ముక్కు ఎలా వస్తుందో, అరవై దగ్గరపడేసరికి నడుమూ అలాగే పట్టేస్తుందని అందరూ అనుకునేవాళ్ళు. చర్చిలో టాలివర్లు కూర్చునే బెంచీ మీద మెత్తలు ఉంటాయి. పండగలకి వాళ్ళకి కానుక ఏమివ్వాలా అని ఎవరూ తల పట్టుకోరు, కాపడం పెట్టుకునే కరెంటు దిండు కొనేస్తారు. కొత్త కోడలుగా వచ్చినప్పుడు వర్లీన్ కూడా నవ్వింది. "నాకు ఏం నడుముందో చూసుకుని చేసుకున్నావా?" అని రేఫర్డ్ అడిగితే, "ఇంకా వారంటీలోనే ఉందిగా" అంది.

ఇవాళ ఆ మాట కొత్తగా వినబడింది. నడుము చూపించుకుని వచ్చిన మర్నాడు. నడుము చూపించుకోవడానికి వెళ్ళినవాడు ఏం విని వచ్చి మూకుడు తోముతాడు?

ఆమె చెయ్యి తుడుచుకుని డాక్టరు ఇచ్చిన ఫైలు తీసింది. రెండో పేజీలో ప్రశ్న ఉంది. తండ్రికి గానీ, అన్నదమ్ములకి గానీ, తండ్రి అన్నదమ్ములకి గానీ ఈ క్యాన్సరు వచ్చిందా? దానికెదురుగా రేఫర్డ్ పెద్ద అక్షరాలతో, కింద గీత కూడా గీసి, లేదు అని రాశాడు.

డాక్టరు ఆ గీత మీద పెన్ను పెట్టే కదా అన్నది, ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి కూడా నాకు ధైర్యంగా ఉంది అని.

*

ఆర్డీలియా ఒళ్ళో పాత పేపరు పరుచుకుని, దాని మీద మూకుడు పెట్టుకుని, పంది కొవ్వు వేళ్ళతో రుద్దుతోంది. రుద్దడం, ఓవెన్‌లో కాల్చడం, చల్లార్చి మళ్ళీ రుద్దడం. మూడు విడతలైతే గాని దానికి కొంచెమైనా ప్రాణం రాదు.

వర్లీన్ బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో బిస్కెట్లుండి ఎన్నో ఏళ్ళయింది. ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయిన ప్రతి మనిషి అంత్యక్రియలకీ చర్చిలో పంచిన పత్రాలన్నీ అందులో ఉన్నాయి. పైన సూటు వేసుకున్న ఫొటో, లోపల పుట్టుక, చదువు, పెళ్ళి, కొలువు, చివరికి పోయిన తీరు. చర్చిలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ అవన్నీ రాసింది ఆర్డీలియానే. ఆమె రాస్తే అందంగా పోయినట్టుంటుందని ఊళ్ళో పేరు.

"మిస్ ఆర్డీలియా, ఒకటి అడుగుతాను."

"వద్దంటే మానేస్తావా?"

వర్లీన్ నాలుగు పత్రాలు తీసి వరసగా పేర్చింది. మామగారు హోసియా, అరవై ఒకటి. ఆయన తమ్ముడు క్లియోఫస్, అరవై మూడు. ఇంకో తమ్ముడు ఎజ్రా, యాభై తొమ్మిది. రేఫర్డ్ అన్న లెమ్యుయెల్, యాభై ఎనిమిది.

"నాలుగింటిలోనూ ఒకే వాక్యం ఉంది," అంది. "'నడుము బాధను దీర్ఘకాలం ఓర్పుతో భరించి.' మనుషులు మారారు, వాక్యం మారలేదు. మీరు ఎవరి గురించి రాసినా ఒక్క మాట కూడా ఇంకొకరి దాంట్లోంచి తెచ్చి పెట్టరు కదా. మా అమ్మకి రాసినప్పుడు ఆవిడ వేసే నిమ్మకాయ కేకు గురించి కూడా రాశారు. వీళ్ళ నలుగురికే ఎందుకు ఒకటే రాశారు?"

కొవ్వు రుద్దుతున్న వేళ్ళు ఆగలేదు. కానీ నెమ్మదించాయి.



"మీ మామ సంగతి డాక్టరు మెట్ల దగ్గర చెప్పాడు," అంది ఆర్డీలియా. "గదిలో కూర్చోబెట్టి చెప్పలేదు. చేతిలో సంచీతో నిలబడున్నాను. అప్పటికే ఎముకల్లోకి పాకింది. ఇంటికొచ్చాక మీ మామ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. 'కింది జబ్బుతో పోయానని చర్చిలో అందరి ముందూ చదువుతారా ఆర్డీ? పాటల బృందంలో ఆడపిల్లలుంటారు. నడుము అని రాయి. నొప్పి ఉన్నదీ అక్కడేగా, అబద్ధం కూడా కాదు' అన్నాడు."

"మరి మిగతావాళ్ళు?"

"క్లియోఫస్ పోయినప్పుడు వాళ్ళావిడ నా దగ్గరికొచ్చి, హోసియాకి రాసినట్టే రాయి అంది. నేనేమీ అడగలేదు. ఆమె ఏమీ చెప్పలేదు. ఎజ్రా నాటికి చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. నడుము అంటే ఏమిటో ఆడవాళ్ళందరికీ తెలుసు."

"లెమ్యుయెల్?"

ముసలామె ఈసారి మూకుడు వదిలేసింది. కొవ్వు అంటిన చేతులు రెండూ గాల్లోనే ఉంచుకుంది, దేనికీ తగలకుండా.

"వాడు నా కొడుకు. వాడి కోసమైనా రాద్దామనుకున్నాను. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, 'అమ్మా, నాన్నకి రాసిందే నాకూ రాయి' అన్నాడు. అన్నీ మీ నాన్నవే కావాలా నీకు, అన్నాను. నవ్వాడు. రాశాను."

వర్లీన్ తడిబట్ట తెచ్చి అత్తగారి వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. ఆర్డీలియా చిన్నపిల్లలా చేతులిచ్చి కూర్చుంది.

"ఇప్పుడెందుకు నీకివన్నీ?"

వర్లీన్ మొగుడికి మాటిచ్చింది. తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడిచింది.

"సరేలే," అంది ఆర్డీలియా. "మూకుడు ఎందుకు కడిగాడో నాకు పొద్దున్నే అర్థమైంది. ఎంతవరకు వచ్చింది?"

"లోపలే ఉందట. చూస్తూ ఉందామన్నారు."

"చూస్తారా!" ముసలామె గొంతులో పదును వచ్చింది. "అలబామాలో సర్కారు డాక్టర్లు సుఖరోగమున్న మన నల్లజాతి మగవాళ్ళని పరిశోధన పేరుతో నలభై ఏళ్ళు చూశారు. మందు చేతికొచ్చాక కూడా ఇవ్వకుండా చూశారు. మా పిన్ని మొగుడు అందులో ఒకడు. చూడ్డమంటే ఏమిటో నాకు చెప్పకు."

"ఇది అది కాదు మిస్ ఆర్డీలియా. ఆరు నెలలకోసారి పిలిచి పరీక్ష చేస్తారు. ముదిరితే వైద్యం మొదలెడతారు. చాలామందికి అదే మంచిదట."

"ఏం చూసి అన్నారు ఆ మాట?"

వర్లీన్ ఫైలు తెరిచి చూపించింది. లేదు అన్న ఆ పెద్ద అక్షరాలని ఆర్డీలియా కళ్ళద్దాలు సర్దుకుని చదివింది.

"అయితే తప్పు ఆ డాక్టరుది కాదు," అంది చివరికి. "ఇక్కడ రాసింది వీడు. వీడికి రాసిచ్చింది నేను."

*

బుధవారం ఆస్పత్రి వరండాలో ఒక నర్సు రేఫర్డ్ చేతిలో కవరు పెట్టింది. పెద్దాసుపత్రిలో ప్రోస్టేట్ క్యాన్సరు మీద ఏదో పరిశోధన జరుగుతోందట, నల్లజాతి కుటుంబాలు కావాలట. "కుందేళ్ళు దొరకలేదా వీళ్ళకి?" అంటూ రేఫర్డ్ ఆ కవరు కారులో చెత్త సంచీలో పడేశాడు. వర్లీన్ తీసి, దులిపి, వంట పుస్తకంలో దాచింది. ఇప్పుడు దాని మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

"మిస్ రకర్‌ని మాట్లాడుతున్నాను. ఒక్క నిమిషం, అంగట్లో పుచ్చకాయలు తట్టి చూస్తున్నాను... ఆ, చెప్పండి మేడమ్."

వర్లీన్ నాలుగు పేర్లు చెప్పింది, నాలుగు వయసులు చెప్పింది. అవతల సరుకుల బండి చక్రాల చప్పుడు ఆగిపోయింది.

"ముందు ఆ కాయితం దిద్దించండి," అంది మిస్ రకర్. "పరిశోధన సంగతి తర్వాత. తండ్రి, అన్న, ఇద్దరు బాబాయిలు అంటే డాక్టరు మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలి. వంశపారంపర్యంగా వచ్చే లోపమేమన్నా ఉందేమో రక్తం చూడాలి."

"అంటే ఆగి చూడ్డం తప్పా?"

"తప్పని నేననను. మీవారికీ అదే సరిపోవచ్చు. కానీ ఒక మాట చెప్తాను. ఆగొచ్చు అని చెప్పిన పరిశోధనలున్నాయి చూశారూ, వాటిలో చాలావాటికి వందమందిలో మనవాళ్ళు అయిదారుగురు ఉంటే గొప్ప. మనవాళ్ళకేమో ఎక్కువమందికి వస్తుంది, చిన్న వయసులో వస్తుంది, పోయేవాళ్ళు రెట్టింపు. అందుకే ఈ పుచ్చకాయల ఆవిడ వరండాల్లో కవర్లు పంచిపెట్టిస్తోంది." కొంచెం ఆగింది. "మీకు కొడుకులున్నారా?"

"ఒక్కడు. లామర్. నలభై ఒకటి."

"పరీక్ష చేయించుకోవడానికి నలభై అయిదు దాకా ఆగొద్దని చెప్పండి. ఈ కుటుంబంలో అసలు ఆగొద్దు."

*

రేఫర్డ్ గ్యారేజీలో గడ్డి కోసే మిషను విప్పి కూర్చున్నాడు. అది నిక్షేపంగా పనిచేసేదే. వర్లీన్ బిస్కెట్ల డబ్బా అతని పనిముట్ల పెట్టె మీద పెట్టింది.

"నాకు బిస్కెట్లు వద్దు."

"తెలుసు. నీకు ఆ స్కూలు బస్సు గుర్తుందా? నువ్వు బస్సులు బాగుచేసే షెడ్డుకి కొత్త మేనేజరు వచ్చినప్పుడు, బ్రేకుల సంగతి?"

రేఫర్డ్ మొహం వెలిగింది. అది అతనికి ఇష్టమైన కథ. "ఎందుకు గుర్తుండదు! పుస్తకంలో ఉన్నట్టు బిగించమంటాడు. నేను బిగించనంటాను. వాడు పుస్తకం నా ముక్కు మీద పెడతాడు."

"నువ్వేమన్నావు?"

"పుస్తకం తప్పని నేననను సార్, బండి వేరు అన్నాను. ఆ పుస్తకం రాసినప్పుడు ఈ బండి పుట్టనే లేదు అన్నాను." అని నవ్వబోయి భార్య మొహం చూశాడు. "ఏమిటి వర్లీన్?"

ఆమె చెప్పింది. మెట్ల దగ్గర చెప్పిన డాక్టరు సంగతి, ఒట్టు సంగతి, మిస్ రకర్ సంగతి. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా గొంతు పెంచలేదు. చెప్పడం అయ్యాక నాలుగు పత్రాలూ అతని మోకాళ్ళ మీద పెట్టింది.

"నేను బండిని కాను," అన్నాడు రేఫర్డ్.

"కావు. బండివైతే షెడ్డులో వదిలేసి ఇంటికొచ్చి హాయిగా పడుకునేదాన్ని."

అతని మూతి ఒక పక్కకి కదిలింది. నవ్వు మాత్రం రాలేదు. అన్న పత్రం చేతిలోకి తీసుకున్నాడు. ఫొటోలో లెమ్యుయెల్ బూడిదరంగు టోపీ పెట్టుకుని ఉన్నాడు.

"ప్రతి శనివారం చేపలకి వెళ్ళేవాళ్ళం," అన్నాడు. "నాలుగు గంటలు పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. 'నడుము పీకేస్తోంది రే' అనేవాడు, నీళ్ళ వైపు చూస్తూ. నేనేం చేశానో తెలుసా? నవ్వాను. మెత్త కొనిచ్చాను. పువ్వులున్న మెత్త, ఏడిపిద్దామని."

వర్లీన్ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మకి తెలుసు," అన్నాడు. ప్రశ్నలా అనలేదు.

"ఒట్టు వేయించుకున్నది మీవాళ్ళు రేఫర్డ్."

"నేను మూడు నెలల కింద నడుము నొప్పి అన్నాను, మాత్ర ఇచ్చింది. మాత్ర ఇచ్చి నా వైపు చూస్తూ కూర్చుంది. నేనేమో అమ్మకి నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను."

"అదీ ప్రేమే."

రేఫర్డ్ పత్రాలు డబ్బాలో పెట్టి, మూత నొక్కి, చేతులు తుడుచుకున్నాడు. పాటల సాధనకి ఇంకా గంట టైముండగానే కారు తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు ధడాలున వెయ్యలేదు. వేసి ఉంటే వర్లీన్‌కి కాస్త నయంగా ఉండేది.

సాయంత్రం తిరిగొచ్చి తల్లి గది ముందు నుంచి నడిచి వెళ్ళాడు. అరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మం దగ్గర ఆగలేదు. లోపల ఆర్డీలియా దీపం ఆర్పకుండా కూర్చుని ఉంది.

*

ఆదివారం చర్చిలో తల్లీకొడుకులు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో మెత్త ఉంది. దాన్ని ఎవరూ తీసుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి లామర్ వచ్చాడు. సవానా రేవు నుంచి సరుకు లారీ నడుపుతాడు, ఏ వారం ఇంట్లో ఉంటాడో అతనికే తెలియదు. తల్లిని ఎత్తి గిరగిరా తిప్పాడు, నాయనమ్మ నెత్తి మీద ముద్దు పెట్టాడు, పొయ్యి మీది కోడికూర మూత తీసి చెయ్యి మీద దెబ్బ తిన్నాడు. తర్వాత లారీలోంచి తెచ్చుకున్న మెత్త ఒకటి కుర్చీకి ఆనించి కూర్చున్నాడు.

"ఏం చూస్తారు? టాలివర్ నడుము!" అన్నాడు రెండు చేతులూ చాచి. "నాకూ పట్టాభిషేకం అయిపోయింది!"

ఎవరూ నవ్వలేదు.

లామర్ అందరి మొహాలూ చూశాడు. "ఏమైంది? చెడ్డ జోకా?"

"ప్రార్థన చేద్దాం," అన్నాడు రేఫర్డ్.

ఆకలేస్తే రెండు మాటల్లో ముగించేసే మనిషి, ఆవేళ ఆకుకూర చల్లారేదాకా ప్రార్థించాడు. మాటల కంటే మధ్యలో ఆగడమే ఎక్కువుంది అందులో.

వర్లీన్ మూకుడు బోర్లించింది. మొక్కజొన్న రొట్టె సగం పళ్ళెంలో పడింది, సగం అడుగునే అంటుకుపోయింది.

"అయ్యో, నాయనమ్మ మూకుడు అంటుకోవడమా!" అన్నాడు లామర్. "ప్రపంచం మునిగిపోతోందా?"

"మీ నాన్న కడిగాడు," అంది వర్లీన్.

"సబ్బుతోనా? నాన్నా, నిన్ను ఇంకా ఇంట్లో ఎందుకుంచారు?"

"అంటుకున్న ముక్కే నాది," అన్నాడు రేఫర్డ్. చెంచాతో గీకి, ఆ నల్లటి పెచ్చులు తన పళ్ళెంలో వేసుకున్నాడు. "నేను చేసింది నేనే తింటాను."

తినలేదు. చెంచా పక్కన పెట్టాడు.

"అందరూ ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు, వర్లీన్, నువ్వు కూడా. నాకు క్యాన్సరు ఉంది. ప్రోస్టేట్. లోపలే ఉంది, ముదరలేదు. మంగళవారం ఆ డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్తున్నాను. నేను రాసిన కాయితం తప్పని చెప్తాను. సరైన కాయితం చూశాక ఆగుదామంటాడో, కోద్దామంటాడో, అప్పుడు వింటాను. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి వెళ్ళి ఆ పరిశోధనకి రక్తం ఇస్తాను. వాళ్ళ పుస్తకంలో మన బండి లేదట. లేకపోతే మనమే రాయించాలి. ఇదీ నా నిర్ణయం."

లామర్ నోట్లో ముద్ద అలాగే ఉంది.

రేఫర్డ్ లేచి అల్మరా మీంచి ఆ పరిశోధన కవరు తీశాడు. అందులోంచి కుటుంబంలో ఎవరికి ఏ జబ్బో రాసే కాయితం బయటికి లాగి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి తల్లి పళ్ళెం పక్కన పెట్టాడు. జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. నిన్నటి నుంచి ఆమెతో ఒక్క మాటా మాట్లాడనివాడు, ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, మన ఇంట్లో చేతిరాత నీది. నువ్వే రాయి."

ఆర్డీలియా పెన్ను తీసుకోలేదు. కొడుకు చెంప మీద చెయ్యి పెట్టింది. "ఒట్టు వేశాను రే."

"నాన్నకి వేశావు. నాకు వెయ్యలేదుగా."

ముసలామె పళ్ళెం పక్కకి జరిపింది, బల్ల మీద రొట్టె పొడి అరచేత్తో తుడిచింది, కళ్ళద్దాలు పెట్టుకుంది. హోసియా టాలివర్ అని రాసింది. ఎదురుగా జబ్బు పేరు రాయాల్సిన గడిలో పెన్ను ఒక్క క్షణం ఆగింది. పెన్ను కదిలింది. ముప్ఫయి ఏళ్ళుగా రాయని మాటని ఆర్డీలియా ఒక్కొక్క అక్షరమే, గుండ్రంగా, అందంగా రాసింది. కింద క్లియోఫస్. కింద ఎజ్రా. లెమ్యుయెల్ దగ్గరికి వచ్చేసరికి రేఫర్డ్ కాయితం కదలకుండా పట్టుకున్నాడు.

"ఇదేమిటి?" అన్నాడు లామర్. అతను మెడ చాచి, తలకిందులుగా ఉన్న ఆ నాలుగు వరసలూ తనే చదువుకున్నాడు. పెదాలు కదిలాయి. మొదటి పేరు. రెండో పేరు. తన చిన్నప్పుడు చేపల బుట్ట మోయనిచ్చిన పెదనాన్న పేరు.

"వీళ్ళందరిదీ నడుము కదా?" అన్నాడు.

ఆర్డీలియా అయిదో వరసలో రేఫర్డ్ అని రాసింది. దాని కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. ఆమె పెన్ను మూత పెట్టలేదు.

లామర్ మెల్లగా వెనక్కి చెయ్యి పోనిచ్చి, వీపు వెనకున్న మెత్త లాగి, బల్ల కింద నేల మీద పెట్టాడు.

"నాది లారీ వల్లేనమ్మా," అన్నాడు.

ఎవరూ ఏమీ అడగలేదు.